లేని నడుము నొప్పి

ఇంకో రెండు రేకులు కుడితే ఈ పువ్వు అయిపోతుంది, గొలుసుకుట్టులో దారం మరీ లాగకూడదు, లాగితే గుడ్డ ముడుచుకుంటుందని అమ్మీ ఎన్నిసార్లు చెప్పేదో, మెదక్‌లో సగం మంది పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద మా అమ్మ తాజ్ బీ వేసిన పువ్వులే ఉండేవి, చూపు మందగించేదాకా అందరికీ కుట్టింది, తనకోసం ఒక్క రుమాలు కుట్టుకోలేదు, అందుకే నేను నాకోసం దిండు గలీబు కుట్టుకుంటున్నాను, ఇది ఎవరికీ ఇవ్వను, ఇందులో తప్పేముంది, తప్పేమీ లేదని పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో, వంటింట్లోంచి కేకు వాసన వస్తోంది, కుక్కర్ అడుగున ఉప్పు పోసి విజిల్ తీసేసి పెట్టాను, నా కూతురు జోహా అప్పుడే రెండుసార్లు మూత తీయబోయి తిట్లు తింది, పన్నెండేళ్ళొచ్చాయి దానికి, ఎండాకాలంలో అమ్మ ఇంట్లో ఉండగా చూడటం ఇదే మొదలు, మొన్న నా ఒళ్ళో తల పెట్టుకుని నీకు ప్రతి ఏడూ నడుము నొప్పి వస్తే బాగుండు అంది, మాట మార్చి దాని జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను, ఎందుకంటే నాకు నడుము నొప్పి లేదు.

లేదు, ఎప్పుడూ లేదు, ఇంటింటి సర్వేకి టీచర్ల పేర్లు వచ్చినప్పుడు నన్ను శంకరంపేట అవతల ఒక పల్లెకు వేశారు, మే నెలంతా ఎండలో గడప గడపా తిరగాలి, పదహారేళ్ళ ఉద్యోగంలో నాకు ఏ వేసవి మిగిలింది, ఓట్ల డ్యూటీలు, పేపర్లు దిద్దడాలు, పిల్లల్ని బడికి పంపండని ఊళ్ళు తిరగడాలు, ఒక్క ఎండాకాలం ఇంట్లో ఉండాలని ఉందంటే మా ఆయన జియా, తూప్రాన్‌లో మీ హసన్ భాయ్ డాక్టరే కదా, ఒక కాగితం రాయించుకో, అందరూ చేసేదేగా అన్నాడు, హసన్ భాయ్ నన్ను పరీక్ష చేసినట్టు నటించను కూడా నటించలేదు, చాయ్ తాగుతూ రాసిచ్చాడు, మా హెడ్మాస్టర్ రాజేందర్ సార్ అది చదివి పాపం అన్నాడు, సాయంత్రానికి స్కూలు గ్రూపులో కొత్త లిస్టు, నా పేరు కొట్టేసి పైన జ్ఞానమ్మ అని రాసి ఉంది, వచ్చే ఏడు రిటైరయ్యే జ్ఞానమ్మక్క, నేను ఆ లిస్టు కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టాను, మరునాడు ఆమె తన నడుం బెల్టు పట్టుకుని మా ఇంటికే వచ్చింది, పెట్టుకో బిడ్డా, వంగి ఏం లేపకు, రాత్రికి జర కాపడం పెట్టుకో అని చెప్పింది, ఆమె మెట్లు దిగేదాకా నేను గోడ పట్టుకుని నిలబడ్డాను, నిజంగా నొప్పి ఉన్నట్టే, తర్వాత ఆ బెల్టును బీరువాలో చీరల కింద తోసేశాను.

ఇరవై రోజులు, పొద్దున్నే ఆరింటికి డాబా మీదికెళ్ళి పెయింటు డబ్బాల్లో పెంచిన మల్లెలకూ పుదీనాకూ నీళ్ళు పోస్తాను, మట్టి తడిసిన వాసన పీల్చుకుంటూ ఉండగానే ఈ పాటికి ఆమె బస్టాండులో నిలబడి ఉంటుంది అనిపిస్తుంది, మధ్యాహ్నం కూలర్ ముందు బోర్లా పడుకుని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల చదువుతాను, పేజీ తిప్పబోతూ ఈ పాటికి ఆమె ఎవరి తలుపు కొడుతోందో అనుకుంటాను, పుస్తకం మూస్తాను, కాసేపటికి మళ్ళీ తెరుస్తాను, సిగ్గేమిటంటే పుస్తకం బాగుంది, మల్లెలు విరగబూశాయి, కిందటివారం చేసిన బిస్కెట్లు కూడా మాడలేదు, ఇన్నేళ్ళలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను, ఆ సంతోషం నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ పంటికి రాయి తగులుతోంది.

ఫోను, రాజేందర్ సార్, సూదిని గుడ్డకు గుచ్చి ఎత్తాను, మేడం, జ్ఞానమ్మ మేడం నిన్న ఎండదెబ్బకు పడిపోయింది, మెదక్ దవాఖానల ఏసిండ్రు, పానం ఇప్పుడు జర నయమే, మీరు రావద్దు, మీ నడుము మంచిగ లేదు గద, ఊకె ఎరుక చేసిన అంతే అన్నాడు, నేను అట్లాగా సార్ అన్నాను, ఇంకేమన్నానో తెలియదు, వంటింట్లో జోహా కుక్కర్ దింపుకుని కేకు అంచులు మాడాయని గొణుగుతోంది, చేతులు ఏం చేయాలో తెలియక ఆ కేకునే డబ్బాలో పెట్టుకున్నాను, బుర్ఖా వేసుకుని ఆటో ఎక్కాను, రాందాస్ చౌరస్తా దగ్గర వడగాలి మొహానికి కొట్టింది, ఈ నెలలో పదకొండింటి ఎండలో నేను బయటికి రావడం ఇదే మొదటిసారి, ఈ ఎండలోనే ఆమె రోజూ తిరిగింది, అరవై ఏళ్ళ మనిషి, నయమేనన్నాడు కదా, నయం కాకపోయి ఉంటే, ఆ మాట దగ్గర ఆలోచన మొరాయించింది, ఆటో అతను నడుం దగ్గర ఎందుకు పట్టుకున్నారమ్మా, నొప్పా అని అడిగాడు, చూసుకుంటే నిజమే, అలవాటుగా చెయ్యి అక్కడే ఉంది.

వార్డులో ఆమెను చూసి మొదట గుర్తుపట్టలేదు, ముఖం బొగ్గులా నల్లబడిపోయి, పెదాలు పగిలి, చేతికి గ్లూకోజు, దుప్పటి కింద నుంచి బొబ్బలెక్కిన పాదాలు, పక్కన ఒకామె, ఆ పల్లె మనిషేనట, పేరు పెంటమ్మట, తాటాకు విసనకర్రతో విసురుతోంది, మా అరుగు మీద కూసుండబోయింది, నీళ్ళిద్దామని లోపటికి పోయి వచ్చేసరికే పడి ఉన్నది, ఫికర్ అయ్యి మేమే ఆటోల ఏసుకొచ్చినం అని మెల్లగా చెప్పింది, పెంటమ్మ ఆమెకు చుట్టం కూడా కాదు, అయినా నిన్నటి నుంచి ఇక్కడే ఉంది, అప్పుడు జ్ఞానమ్మక్క కళ్ళు తెరిచి నన్ను చూసి, గింత ఎండల ఎందుకొచ్చినవ్ బిడ్డా, నడుము ఎట్లుంది, గా స్టూలు మీద కూసోకు, ఎత్తు తక్కువున్నది, లేసేటప్పుడు నడుము పట్టుకుంటది అంది, ఆ స్టూలు మీదే కూర్చున్నాను, అక్కా, నాకు నడుము నొప్పి లేకుండె, దొంగ కాగితం ఇచ్చిన అన్నాను, పెంటమ్మ విసరడం ఆపి నన్ను చూసింది, నీళ్ళ సీసా తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

జ్ఞానమ్మక్క తిడుతుందని చూశాను, తిడితే బాగుండు, మరి ఇన్నొద్దులు ఇంట్ల ఏం చేసినవ్ అని అడిగింది, ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది, చెప్పాను, మొక్కలు, నవల, కేకు, దిండు గలీబు, ఒక్కొక్కటీ దొంగసొమ్ము బయట పెట్టినట్టు చెప్పాను, ఆమె కళ్ళు మూసుకుని వింది, ఏం పువ్వు కుడుతున్నవ్ అంది, చామంతి అన్నాను, నా దగ్గర ఒక తెల్లగుడ్డ ఉన్నది బిడ్డా, చర్చిల బల్ల మీదికి కుడదామని కొన్న, పదకొండేండ్లాయె, ఎన్నడు కూసునేటట్టే లేకుండె, ఈ ఎండకాలం కుట్టుడే అనుకొని దారాలు సుత తెచ్చుకున్న, దారాలు తెచ్చిన దినమే లిస్టుల నా పేరొచ్చింది అంది, గొంతులో కోపం లేదు, అలసట ఉంది, కేకు డబ్బా వైపు చూడలేదు, ఇగ పో, నాకు నిద్రొస్తున్నది అని గోడవైపు తిరిగి పడుకుంది.

బయట వరండాలో గోడకానుకుని రాజేందర్ సార్‌కి ఫోన్ చేశాను, నొప్పి లేదని, కాగితం అబద్ధమని, ఆ పల్లెలో మిగిలిన ఇళ్ళు రేపటి నుంచి నేనే తిరుగుతానని చెప్పాను, మేడం, గీ మాట నేను ఇననట్టే ఉంటా, నయమైందని చెప్పి జాయిన్ గాండ్రి, ఎవరికీ ఎరుకగాదు అన్నాడు, ఎంత తేలిగ్గా ఉంది ఆ దారి, ఒక్క క్షణం అటు కాలు పెట్టబోయాను కూడా, వద్దు సార్, ఉన్నదున్నట్టు రాసి ఇస్త అన్నాను, మెమో వస్తది మేడం అన్నాడు, రానియ్యండ్రి అన్నాను, మెమో వస్తుంది, హసన్ భాయ్ మొహం చాటేస్తాడు, జియా గొడవ చేస్తాడు, జోహాకు నేనే చెప్పుకోవాలి, అవన్నీ భరించవచ్చు, భరించలేనిది వేరే ఉంది, మెట్ల మీద ఎండలోకి దిగుతుంటే అది నెమ్మదిగా పైకి తేలింది, ఆ సాయంత్రం లిస్టులో ఆమె పేరు చూసి నేను ఒక మాట అనుకున్నాను, ఒక్కతే మనిషి, పిల్లలూ లేరు, ఆమె మాత్రం ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందిలే అని, అవును, అనుకున్నాను, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఆ తర్వాత ఇరవై రోజులూ ఆమె కాళ్ళ గురించి బాధపడ్డాను, ఆమె వయసు గురించి, ఎండ గురించి బాధపడ్డాను, ఆమెకూ ఒక ఎండాకాలం కావాలేమోనని మాత్రం ఒక్కనాడూ, ఒక్క కుట్టు వేసినంతసేపు కూడా అనుకోలేదు.