చిలకపచ్చ బూట్లు

"లేవకురా బాబూ, కాలు కదపకు!" అని గణేష్‌బాబు మొత్తుకుంటూనే ఉన్నాడు. దుర్గాసాయి వినలేదు. గేటు ఊచ పట్టుకుని లేచాడు. ఒక్కడుగు వేశాడు. "అమ్మా" అంటూ మళ్ళీ సిమెంటు పలక మీద కూలబడ్డాడు.

అవతల నరసాపురం గ్రౌండులో రావులపాలెం జట్టు అప్పుడే వార్మప్ మొదలుపెట్టింది. కాసేపట్లో ఫుట్‌బాల్ ఫైనల్. ఈ సీజనంతా ఊరి రేవు జట్టుకి ప్రాణం పోసిన పదో నంబరు ఆటగాడేమో ఇక్కడ వెనక గేటు దగ్గర మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

శ్యాంబాబు ఐసు సంచితో పరుగెత్తుకొచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు కాబట్టి మ్యాచ్‌లకి ఐసు తేవడం అతని వంతు. దగ్గరికి రాగానే అతని కంటికి ముందు ఆనింది ఎరుపు. పలకంతా తడి, ఆ తడిలో అక్కడక్కడా ఎర్రటి చారలు. రక్తమనుకున్నాడు. వంగి చూశాడు. మోకాలు బూరెలా పొంగింది తప్ప ఎక్కడా చిట్లలేదు. రక్తం కాదు. మరేంటి?

"అరటి తొక్కండీ! రావులపాలెం వాళ్ళ పనే ఇది!" గోడెక్కి కూర్చున్న ఒకడు అరిచాడు. "గెలల కొద్దీ అరటికాయలున్నోళ్ళు, ఒక్క తొక్క పారేయలేరా?"

"తొక్కేదిరా మరి?"

"అదిగో, ఆ ఆవు తినేసింది!"

నిజంగానే ఒక ఆవు పలక చివర నాకుతోంది. ఎవరో అదిలించారు. అది రెండడుగులు వెనక్కేసి మళ్ళీ మూతి చాచింది.

జట్టు మేనేజరు గణేష్‌బాబు మాత్రం నవ్వలేదు. దుర్గాసాయిని తుని నుంచి బతిమాలి తెచ్చుకున్నది ఆయనే. "ముందు గేటుండగా ఈ సందులోంచి ఎందుకొచ్చావమ్మా?" అని అడిగాడు.

"శ్యాంబాబు అన్న ఫోన్ చేశాడండి. ముందు గేటు దగ్గర జనం సెల్ఫీలంటూ వదలరు, వెనకనుంచి వచ్చెయ్యి అన్నాడు."

అందరి తలలూ శ్యాంబాబు వైపు తిరిగాయి.

ఏళ్ళ తరబడి రేవు జట్టు మిడ్‌ఫీల్డ్ అంటే శ్యాంబాబే. బంతి దొరికితే బలం కొద్దీ ఆకాశంలోకి తన్నేవాడు. అది ఎవరి నెత్తిన పడితే వాడిదే అదృష్టం. ఓడిపోవడం ఊరికి అలవాటైపోయి, హాఫ్‌టైం కాకుండానే మిరపకాయ బజ్జీల బండి చుట్టూ మూగేవారు. అప్పుడొచ్చాడు దుర్గాసాయి. బక్కపలచటి మనిషి, కాళ్ళకి చిలకపచ్చ బూట్లు. బంతిని నేల వదలనివ్వడు. తలెత్తి చూస్తాడు, ఎవడూ లేని చోటికి నెమ్మదిగా తోస్తాడు. ఇదేంటి ఇలా పారేశాడని జనం తిట్టుకునేలోగా అక్కడికి మనవాడొకడు చేరి ఉంటాడు. నెల తిరిగేసరికి గ్రౌండు అరుగుల మీద చోటు దొరకడం మానేసింది. లేసు అల్లే ఆడవాళ్ళు రత్నమాణిక్యం నాయకత్వంలో పెద్ద పదో అంకె అల్లి వెదురు గడకి కట్టారు. ముసలాళ్ళు గోదావరి దాటించే పంటు దిగి తిన్నగా గ్రౌండుకే వస్తున్నారు.

శ్యాంబాబు బెంచీ మీద కూర్చున్నాడు. మొదట్లో కడుపు మండింది, నిజమే. కానీ ఆట తెలిసినవాడు అలాంటి ఆటని ఎన్నాళ్ళు ద్వేషించగలడు? బెంచీ మీద కూర్చుని ఒక్కో పాసూ నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. జనానికి తెలిసిందల్లా ఒకటే. దుర్గాసాయి వల్ల శ్యాంబాబు చోటు పోయింది. ఇవాళ శ్యాంబాబు పిలిస్తే దుర్గాసాయి వచ్చాడు, పడ్డాడు.

"అన్న అలాంటివాడు కాదండీ," అన్నాడు దుర్గాసాయి పళ్ళు బిగబట్టి. "అన్నా, నా బదులు నువ్వే దిగాలి. నీ బూట్ల అట్ట ఊడింది కదా, ఇవి వేసుకో. ఇద్దరిదీ ఒకటే సైజు."

శ్యాంబాబు ఆ బూట్లలో గ్రౌండులోకి అడుగుపెట్టగానే అరుగులు హోరెత్తాయి.

"కాలు విరగ్గొట్టి బూట్లు కూడా లాక్కున్నాడ్రా!"

"ఏరా శ్యాంబాబూ," రత్నమాణిక్యం గొంతు అన్నిటికన్నా పైన వినపడింది. "నీకు సిగ్గు కూడా తునినుంచి తెప్పించాలేంట్రా?"

అదే సమయానికి స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు గరగరలాడింది. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన జ్ఞానప్రకాశం గారిది ఆ గొంతు. రేవు జట్టు వీరాభిమాని. ఊళ్ళో ఆయన కామెంటరీ లేకుండా మ్యాచ్ జరగదు. శ్యాంబాబు కాలికి మొదటి బంతి అందించింది కూడా ఆయనే. "ప్రేక్షక మహాశయులకు మనవి. మన పదో నంబరు ఇవాళ లేడు. కారణం నేను చెప్పక్కర్లేదు. వెనక గేటు దగ్గర ఏం జరిగిందో... మీరంతా విన్నారు కదా."

హోరు రెట్టింపైంది. శ్యాంబాబు చెవులు వేడెక్కాయి. మ్యాచ్ పోతే వచ్చే ఏడు ఇంకో మ్యాచ్ ఉంటుంది. పేరు పోతే? రేపట్నుంచి రేవులో, ఫ్యాక్టరీలో, చర్చిలో తన వెనక ఏం గుసగుసలాడతారో ఇప్పుడే వినపడుతోంది. నిజంగా ఎవరు చేశారో ఇవాళే, ఈ జనం ఇళ్ళకి వెళ్ళకముందే తేలాలి.

మొదటి సగం పీడకలలా నడిచింది. బంతి కాలికి తగిలినప్పుడల్లా ఈలలు, తిట్లు. కంగారులో పాత అలవాటు తిరగబెట్టింది. బంతిని గాల్లోకి తన్నాడు. ఒక తన్నుడు తిన్నగా రావులపాలెం వాడి ఛాతీ మీద వాలింది. వాడు దాన్ని దింపుకుని, ముందుకి తోసి, గోల్ కొట్టించాడు. సున్నా–ఒకటి.

"ఆ ఎనిమిదో నంబరు మళ్ళీ బంతి పోగొట్టాడు," అన్నారు మైకులో మాస్టారు. ఆట మొదలైనప్పటినుంచీ ఆయన శ్యాంబాబు పేరు ఒక్కసారీ ఎత్తలేదు.

హాఫ్‌టైంలో శ్యాంబాబు ఒంటరిగా గోల్‌పోస్టు దగ్గర కూర్చుని బూట్లు విప్పాడు. అడుగున మేకుల మధ్య ఏదో గట్టిగా ఇరుక్కుని ఆటంతా జారుతున్నట్టే ఉంది. పుల్లతో గీశాడు. మట్టి ఊడింది. దాని వెనక తెల్లటి పీచు, రెండు చదునైన గింజలు. గింజల చుట్టూ ఎరుపు. వేలితో నలిపి వాసన చూశాడు. కుంకం!

బూడిద గుమ్మడికాయ.

కాయకి గాటు పెట్టి, కుంకం పోసి, కర్పూరం వెలిగించి, తిప్పి గుమ్మంలో పగలగొడతారు. దిష్టి తీయడం! ఆవు తిన్నది అరటి తొక్కని కాదు, గుమ్మడి చెక్కల్ని. ఇంత ఆట ఆడుతున్న దుర్గాసాయికి ఊరి కళ్ళన్నీ తగులుతాయని ఎవరో అభిమాని భయపడ్డాడు. శత్రువు పని కాదిది, అతిప్రేమ చేసిన పని.

అయితే ఆ అభిమాని ఎవరు?

శ్యాంబాబు బుర్ర ఇప్పుడు దుర్గాసాయి కాళ్ళంత చురుగ్గా కదిలింది. గణేష్‌బాబు దిష్టి తీస్తే డప్పులు పెట్టించి మరీ తీస్తాడు. రత్నమాణిక్యం తీస్తే పేటంతా వినేలా శాపనార్థాలు పెడుతూ తీస్తుంది. దిష్టి తీసేవాళ్ళు ఎవరూ దాచుకోరు. ముందు గేటు వదిలేసి, మనిషి తిరగని సందులో దొంగచాటుగా కాయ పగలగొట్టి, ఇంత గొడవైనా నోరు మెదపలేదంటే, అది తీయకూడనివాళ్ళెవరో తీశారన్నమాట.

అతనికి పోయిన ఆదివారం గుర్తొచ్చింది. లూథరన్ చర్చి. సంఘ పెద్ద బల్ల గుద్ది చెప్పిన మాటలు. దిష్టి, దృష్టి అంటూ నిమ్మకాయలకీ గుమ్మడికాయలకీ దణ్ణాలు పెట్టే అవిశ్వాసులు మన బెంచీల్లోనే ఉన్నారు, సిగ్గుపడండి అని.

శ్యాంబాబు బూట్లు తొడుక్కుని కామెంటరీ టేబుల్ దగ్గరికి నడిచాడు.

జ్ఞానప్రకాశం గారు మైకు స్విచ్చి ఆపి మంచినీళ్ళు తాగుతున్నారు. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు. మైకుకి చుట్టిన తెల్ల చేతిరుమాలు మీద మాత్రం ఎర్రటి వేలిముద్రలు. శ్యాంబాబు గుమ్మడి గింజల్ని టేబుల్ మీద పెట్టాడు.

మాస్టారు గ్లాసు పక్కన పెట్టి, రుమాలు మీది ఎరుపుని అరచేత్తో కప్పారు.

"ఆ గేటు వైపు ఎవడూ రాడనుకున్నాన్రా," అన్నారు, పెదాలు కదలకుండా. "నువ్వు వాడిని అటు రమ్మన్నావని నాకేం తెలుసు? వాడు రాకముందే, వాడి బదులు వాడి చొక్కాకి తిప్పి పగలగొట్టాను. చెక్కలు ఎత్తి గోడ పక్కన పడేశాను. అవి తినడానికి వచ్చిన ఆవు పలకంతా ఈడ్చింది కాబోలు."

"ప్రార్థన చాల్లేదా మాస్టారూ?"

"చేశాను! పొద్దుటే మోకాళ్ళ మీద చేశాను. కానీ వాడు దుర్గమ్మ పేరు పెట్టుకున్న పిల్లాడు కదా, వాళ్ళ పద్ధతిలో కూడా ఒకటి ఉంటే మంచిదని..." ఆయన గింజల్ని వేలితో పక్కకి తోశారు. "ఇన్నేళ్ళ తర్వాత మనకో ఆటగాడు దొరికాడ్రా. భయమేసింది. పోయిన ఆదివారం బల్ల గుద్ది తిట్టింది నేనే, రేపు చర్చిలో వాక్యం చదవాల్సిందీ నేనే. ఏ మొహంతో నిలబడను?"

నా మొహం సంగతేంటండీ అని అడగాలనిపించింది శ్యాంబాబుకి. అడగలేదు. చిన్నప్పుడు ఉత్త కాళ్ళతో ఆడుతుంటే తన సొంత బూట్లలో గుడ్డలు కుక్కి తొడిగిన మనిషి ఈయన.

"నేను చెప్పనండి," అన్నాడు. "చెప్పినా ఎవరూ నమ్మరు. నేరం మీ మీదికి తోస్తున్నాననుకుంటారు. ఒక్కటి మాత్రం అడుగుతాను. నాకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుంది. ఎనిమిదో నంబరు కాదు."

ఈల మోగింది. అతను వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎవరు చేశారో తెలిశాక మనసులో ముడి ఏదో విడింది. గీత అవతల కుర్చీలో, మోకాలి మీద ఐసు సంచితో దుర్గాసాయి కూర్చున్నాడు. "తలెత్తు అన్నా!" అని కేకేశాడు. "జనాన్ని కాదు, ఖాళీని చూడు!"

శ్యాంబాబు తలెత్తాడు. నెలల తరబడి బెంచీ మీద నుంచి చూసిన దారులన్నీ గడ్డి మీద గీసినట్టు కనపడ్డాయి. బంతి అందగానే ఆపాడు. తన్నలేదు, తోశాడు. మళ్ళీ తోశాడు. ఈలలు తగ్గాయి. అరుగుల మీద ఒక ముసలాయన పక్కవాణ్ణి పొడిచి, "ఒరే, అచ్చం ఆ పిల్లాడి ఆటేరా!" అన్నాడు. "బూట్ల మహిమంటావా?"

"బూట్లు ఆడతాయేంట్రా, మనిషి ఆడతన్నాడు!" అంది రత్నమాణిక్యం. అని, తన నోటినుంచే ఆ మాట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది.

కార్నర్ నుంచి వచ్చిన బంతికి మన డిఫెండరు తల తగిలించడంతో స్కోరు సమమైంది. ఆట చివరికొచ్చింది. రావులపాలెం వాళ్ళు అలసిపోయి వెనక్కి సర్దుకుంటున్నారు. మధ్యలో శ్యాంబాబుకి బంతి దొరికింది. ఇద్దరు మీదికొచ్చారు. కుడివైపు మనవాడు చేతులూపుతూ పిలుస్తున్నాడు. ఎడమవైపు ఎవడూ లేడు. శ్యాంబాబు ఎడమకి తోశాడు.

"అయ్యో!" అంది గ్రౌండు గ్రౌండంతా.

ఎవడూ లేని ఆ చోటికి మన ఫార్వర్డ్ దూసుకొచ్చాడు. ఒక్క తాకిడి. వల ఊగింది.

రెండు–ఒకటి. గోల్ కొట్టినవాణ్ణి జట్టంతా ఎత్తుకుంది. అరుగులు సగం లేచి ఆగాయి. గోలుకి చప్పట్లు కొట్టాలి, కానీ పాస్ ఇచ్చింది శ్యాంబాబు. కొట్టొచ్చా? కొట్టకూడదా? రత్నమాణిక్యం చేతుల్లో పదో అంకె గడ మధ్యలోనే నిలిచిపోయింది. శ్యాంబాబు నడుం మీద చేతులు పెట్టుకుని ఒంటరిగా మధ్యగీత దగ్గర నిలబడ్డాడు. లౌడ్‌స్పీకరు వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

మైకులో ఊపిరి వినపడింది. తర్వాత, గొంతు సవరించుకున్న చప్పుడు.

"గోల్ కొట్టినవాడు మనవాడే. ఆ గోలుకి పాస్ ఇచ్చినవాడు..." గొంతు ఆగింది, మళ్ళీ అందుకుంది. "శ్యాంబాబు. ఇంకోసారి చెప్తున్నాను, వినండి. శ్యాంబాబు! నా చేతి కింద ఆట నేర్చుకున్నవాడు. ఇవాళ నాకు నేర్పినవాడు."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుర్చీలోంచి దుర్గాసాయి ఐసు సంచి పైకెత్తి ఊపాడు.

"ప్రేక్షక మహాశయులకు మరొక్క మనవి. వెనక గేటు దగ్గర కుంకం పోసిన బూడిద గుమ్మడికాయ ఎవరో పగలగొట్టారు. ఆ గుజ్జు మీదే మన పదో నంబరు జారిపడ్డాడు. రావులపాలెం వారికి ఏ సంబంధమూ లేదు, వారు మన్నించాలి. శ్యాంబాబుకి అంతకన్నా సంబంధం లేదు. ఆ కాయ పగలగొట్టి, తప్పు ఇంకొకడి మీద పడుతుంటే మైకు పట్టుకుని చూస్తూ కూర్చున్నవాడి పేరు..."

గోదావరి వైపు నుంచి పంటు ఇంజను చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

"లూథరన్ సంఘ పెద్ద, జ్ఞానప్రకాశం."