వాల్వుకి కట్టిన తీగ

కంపెనీ కాపలావాళ్లు డ్రైవరత్తని జుట్టు పట్టుకుని ఇంజను మీద నుంచి కిందికి ఈడ్చారు. నుదురు చిట్లింది. మేం మిల్లు పనివాళ్లం నలభై మందిమి గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం. ఈ సిగ్గు ముందు ఒప్పుకోకపోతే మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

అది అడవిలో దుంగలు లాగిన ఆవిరి ఇంజను. ఇరవై ఏళ్ల కిందట ఎత్తు ఎక్కుతుండగా గొట్టం పగిలి, ఆవిరి దాన్ని నడుపుతున్న అత్త మొగుణ్ణి, మా డ్రైవరు మామని, నిలబడ్డచోటే ఉడకబెట్టింది. తాగి నడిపాడని కంపెనీ తేల్చేసింది, ఇంజనుని అడవిలోనే వదిలేసింది. ఇప్పుడు దాన్ని కోత మిల్లుకి తెచ్చి మ్యూజియం కడుతోంది. పక్కన రాతిపలక మీద కూడా అదే తాగుబోతు కథ చెక్కించారు. తుప్పు గీకే పని మాకే అప్పజెప్పారు.

గీకుతుంటే సేఫ్టీ వాల్వుకి బిగించిన ఇనప తీగ బయటపడింది. ఆవిరి మితిమీరితే దానంతటదే తెరుచుకోవాల్సిన వాల్వు అది. తీగతో కట్టేస్తే ఇంజను ఇంకో రెండు బండ్ల దుంగలు లాగుతుంది. డ్రైవరు బతుకుతాడా చస్తాడా అన్నది కంపెనీకి అనవసరం.

మేనేజరు తీగ తెంపమన్నాడు. అత్త ఎక్కి వాల్వుని కావలించుకుంది. అందుకే ఈడ్చారు. ఆ నెత్తురు చూసి కట్టరు పట్టినవాడు దాన్ని విసిరేసి పోయాడు. సాయంత్రం ప్రారంభానికి అతిథులు వస్తారని మేనేజరు తీగ మీద పూలదండ కప్పించాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో వాదులాట.

"పోయినోడు ఎలాగూ రాడు. మన నోటికాడ కూడు పోతుంది," అన్నాడు రంపం మేస్త్రి.

"మ్యూజియం వద్దనట్లేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టమంటున్నాం," అన్నాను.

మూలన కూర్చున్న ముసలి ఫిట్టరు తలెత్తాడు. "ఆ తీగ కట్టింది నేనే. కట్టకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు ఈ మేనేజరే. కట్టాను. డ్రైవరుకి చెప్పలేదు."

అత్త లేచి వెళ్లింది. "ఇన్నేళ్లూ నిన్ను అన్నయ్యా అని పిలిచాను," అంటూ చెంప మీద కొట్టింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. ఆయన అడ్డుకోలేదు, మేమూ ఆపలేదు.

చివరికి ఆయాసపడుతూ అంది. "నాకు చెబితే ఏం లాభం? సాయంత్రం వచ్చేవాళ్లందరి ముందూ చెప్పు."

నాలుగింటికి అతిథులు, పోలీసులు, వరసగా కాలేజీ పిల్లలు. ఫిట్టరు ఇంజనెక్కి దండ లాగిపడేశాడు.

"తీగ కట్టింది నేను. కట్టించింది ఆ మేనేజరు. డ్రైవరు తాగలేదు."

రెండోసారి చెప్పేలోపు లాఠీ దవడ మీద పడింది. వాల్వు వదలకపోతే వేళ్లు విరగ్గొట్టారు. కిందికి తోస్తే తల రైలు పట్టాకి కొట్టుకుంది. ఇక కదల్లేదు.

అత్త ఆయన తల ఒళ్లో పెట్టుకుని, తెరిచే ఉన్న ఆయన కళ్లు మూసింది. లేచి ఇంజనెక్కింది. వెనకే నేను, నా వెనక రంపం మేస్త్రి. లాఠీలు కురిశాయి. నా భుజం ఎముక విరిగింది, మేస్త్రి కన్ను పోయింది. పదిహేడు మందిని వ్యానులో కుక్కేసరికి కాలేజీ పిల్లలు వరస తెంచుకుని మా చోట్లోకి ఎక్కేశారు.

నిన్న బెయిలు మీద వచ్చాను. మిల్లులో రంపాలు ఆగి ఆరు రోజులైంది. తీగ ఇంకా అలాగే ఉంది. రేపు పొద్దున్నే పోలీసులు మళ్లీ వస్తారట. ఇంజను మీద ఇంకా చోటుంది.