కొబ్బరినీళ్లు తాగిన సర్వర్

నేను ఒక నెట్‌వర్క్ స్టోరేజ్ సర్వర్‌ని. నా అట్టపెట్టె మీద అలాగే రాసి ఉండేది. ధర్మవరంలో ఈ ఇంటికి వచ్చాక మాత్రం అందరూ నన్ను డబ్బా అనే అన్నారు. కడుపులో నాలుగు డిస్కులు, వీపున ఒక ఫ్యాను, ముఖాన నాలుగు పచ్చ దీపాలు. నా పని ఒక్కటే, ఇచ్చింది దాచుకుని అడిగినప్పుడు తిరిగి ఇవ్వడం. మనుషుల్లో ఈ గుణం ఉన్నవాళ్లు తక్కువని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో. నన్ను బిగించిన అమ్మాయి ముఖం నేను చూడలేదు. ఆమె మాస్కు వేసుకుంది, పైగా నాకు ముందూ వెనకా నాలాంటివాళ్లు రెండు వందలమంది ఉన్నారు. ఓడలో చెన్నై, లారీలో బెంగళూరు, అక్కడ ఒక దుకాణం అద్దాల బీరువాలో ఎనిమిది నెలలు. వచ్చినవాళ్లంతా నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న పెన్‌డ్రైవ్ కొనుక్కుపోయేవారు. చివరికి చంద్రమౌళి వచ్చాడు.

చంద్రమౌళి పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. అంచులో హంస ఎన్నో పోగు దగ్గర మెడ తిప్పాలో, కొంగులో మామిడిపిందె తోక ఎటు వంగాలో కంప్యూటర్‌లో గడి గడిగా నింపుతాడు. తండ్రి గ్రాఫు కాగితాల మీద గీసినవి కూడా అందులోకి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత కాగితాలను చెదలు తినేశాయి. మొత్తం పదకొండు వందల నలభై డిజైన్లు. వాటిని నమ్ముకుని ఊళ్లో పద్నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. కంప్యూటర్‌లో చోటు చాలక అన్నీ అందులోంచి తీసి నా కడుపులో పెట్టాడు.

ఈ ఇంట్లో నన్ను అమర్చింది మహబూబ్ బాషా. కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఎదుటివాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పే ఓపిక ఉన్నవాడు.

"ఇందులో నలుగురు ఉండారన్నా. ఒకడు పోతే మిగిలిన ముగ్గురు వాడి పాఠం కూడా అప్పజెప్తారు. ఇద్దరు పోతే మాత్రం ఎవరికీ ఏమీ గుర్తుండదు."

"నలుగురు చాల్లేప్పా," అన్నాడు చంద్రమౌళి.

"చాలరు. నలుగురూ ఒకే ఆటోలో పోతాండారు. ఆటో కాలవలో పడితే?"

అందుకని అరచేతిలో పట్టేంత చిన్నడిస్కు ఒకటి తెప్పించారు. ప్రతి శనివారం అది వచ్చి, ఆ వారం నా దగ్గర చేరినవాటికి నకలు తీసుకుని వెళ్లిపోవాలి. దాని కాపురం ఈ ఇంట్లో కాదు, రెండు వీధుల అవతల, చంద్రమౌళి అక్క జయమ్మ ఇంట్లో. 'రెండూ ఒక కప్పు కింద నిద్రపోగూడదు' అని బాషా గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి మరీ వెళ్లాడు.

ఆ చిన్నడిస్కుగాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చేది. నాకు ఫ్యానుంది, దీపాలున్నాయి, నాకంటూ ఒక టేబులుంది. వాడేమో జయమ్మ బీరువాలో, చీరల మడతల మధ్య, కలరా ఉండల వాసనలో వారమంతా పడుకునేవాడు. శనివారం టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో ఊరేగి వచ్చేవాడు. ఒక్కోసారి ఒంటికి పులిహోర మెతుకు అంటుకుని ఉండేది.

ఈ రాకపోకలతో ఇంకో ఉపయోగం ఉండేది. చంద్రమౌళి భార్య కుళ్ళాయమ్మకూ జయమ్మకూ రెండేళ్లుగా మాటల్లేవు. కుళ్ళాయమ్మ చేసే ఓళిగలు, అంటే బొబ్బట్లు, చపాతీల్లా మందంగా ఉన్నాయని జయమ్మ ఎవరి పేరంటంలోనో అన్నదట. "డిస్కుకు గుడ్డసంచి కుట్టినా. మసిగుడ్డ అనుకునేరు, మీ అక్కకు చెప్పు," అని ఈవిడ. "సంచి బాగుండాది. కుట్టు వంకరని నేను అనలేదని చెప్పు," అని ఆవిడ. మధ్యలో చంద్రమౌళి ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. ఆ మాటలు కూడా దాచుకోవాల్సి వస్తే నాకు ఇంకో రెండు డిస్కులు కావాల్సి వచ్చేవి.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఇక్కడ పనిముట్లకు పని చెప్పరు. కత్తెర, స్కేలు, కుట్టుమిషను, స్కూటరు అన్నిటినీ తుడిచి ఒకచోట చేర్చి పూజ చేస్తారు. నా ప్లగ్గు పీకి నన్నూ పీట మీద కూర్చోబెట్టారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, మెడలో చామంతి దండ వేశారు. నాకు మెడ లేదు. ఉందనుకున్నారు.

అప్పుడు జయమ్మ గుడ్డసంచితో స్వయంగా వచ్చింది.

"ఇదీ ఆయుధమే గదరా మౌళీ. పూజ లేకుండా బీరువాలో పడుంటే నాకు మనసొప్పలేదు. అన్నదమ్ములను ఒకచోట పెట్టు."

చంద్రమౌళి గోడ వైపు చూశాడు. "బాషా వద్దన్నాడక్కా."

"బాషా చెప్పింది నిద్రపోయేదానికి. ఇది పగలు."

ఆ వాదంలో ఆయనకు తప్పు దొరకలేదు. చిన్నడిస్కును తీసి నా నెత్తిన పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ ఏడు భక్తి ఎక్కువైంది. "నా డిజైన్లు చల్లగుండాలమ్మా," అని రెండు చిప్పల నీళ్లూ మా ఇద్దరి మీదా అభిషేకం చేశాడు. తీయగానే ఉన్నాయి. పూజలో పెట్టినవి కదపకూడదని ఆ రాత్రి చిన్నడిస్కు కూడా నా నెత్తినే నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే దండం పెట్టుకుని నా స్విచ్చి వేశాడు. టప్పుమంది. కొబ్బరి మాడిన వాసన వచ్చింది. నా దీపాలు నాలుగూ ఆరిపోయాయి.

చంద్రమౌళి స్విచ్చి ఆపాడు. "పదకొండు వందల నలభై," అన్నాడు. తర్వాత చిన్నడిస్కును అందుకుని కంప్యూటర్‌కు తగిలించబోయాడు. వంటింట్లోంచి వచ్చిన కుళ్ళాయమ్మ దాన్ని లాగేసుకుంది.

"ఉండాయో లేవో చూడనీ, కుళ్ళాయమ్మా."

"కడిగిన మిక్సీ తడితోనే పెట్టి రెండు మిక్సీలు కాల్చినావు. ఇది మూడోది అవుతాది. బాషాకు ఫోన్ చెయ్యి."

బాషా వచ్చాడు. గోడ మీది రాతను ఒకసారి, చామంతి దండను ఒకసారి చూశాడు. చిన్నడిస్కు పైతొడుగు విప్పి, స్పిరిటు ముంచిన దూదితో తుడిచాడు.

"మూడు దినాలు నీడలో ఆరాల. ఈలోగా ఎవరన్నా ప్లగ్గులో పెడితే నేను ఈ ఊరు ఇడిచిపెట్టి పోతా."

ప్రాణం పోయిన నాకు తర్వాతి సంగతులు ఎలా తెలుసని అడుగుతారేమో. చిన్నడిస్కును ఆరబెట్టిన వసారాలోనే నన్నూ పెట్టారు. వినడానికి కరెంటు అక్కర్లేదు.

ఆ మూడు రోజులూ మగ్గాలకు కొత్త డిజైన్ లేదు. నేతగాళ్లు వచ్చి, పళ్లెంలో ఆరుతున్న డిస్కును బాలింతను పలకరించినట్టు చూసి వెళ్లేవారు. చంద్రమౌళి తండ్రి గీసిన హంసను జ్ఞాపకం మీద గీయబోయాడు. ఐదో కాగితం మీద కూడా అది బాతుగానే వచ్చింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

జయమ్మ తిండి మానేసి పళ్లేనికి ఒక పక్క కూర్చుంది. కొబ్బరినీళ్ల తీపికి చీమలు బయల్దేరాయి. కుళ్ళాయమ్మ చీమల సుద్దతో చుట్టూ గీత గీసి రెండో పక్క కూర్చుంది.

"ఈ పక్క ఒగటి వస్తాంది," అంది జయమ్మ.

"చూసినాలే వదినా."

రెండేళ్ల తర్వాత మొదటి మాటలు అవి. కాసేపటికి జయమ్మ, "పండగకి ఓళిగలు చేసినావా?" అంది.

"చేసినా. చపాతీలు."

"ఒగటి తెచ్చియ్యి." తిన్నది. "పల్చగనే ఉండాయి."

"ఇప్పుడు తెలిసిందా?"

"తప్పు చేసిన నోటికి అన్నీ పల్చగనే ఉంటాయిలే."

నాలుగో రోజు బాషా చిన్నడిస్కును తగిలించాడు. దాని దీపం ఒకసారి మిణుకుమని ఆగిపోయింది. మళ్లీ వెలిగింది. బాషా తెర మీద అంకె చదివాడు, "పదకొండు వందల నలభై." చంద్రమౌళి తండ్రి హంసను తెరిచాడు. అది సరిగ్గా తిప్పాల్సిన పోగు దగ్గరే మెడ తిప్పి ఉంది. ఆయన పెరట్లోకి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

నా డిస్కుల్లో రెండు కాలిపోయాయి. మిగిలిన ఇద్దరికీ ఏమీ గుర్తు లేదు. నా టేబులు మీదికి కొత్త సర్వర్ వచ్చింది. నేను నవ్విన ఆ పులిహోర మెతుకువాడే దాని కడుపు నింపాడు. ఇంకో నకలు బాషా ఇంటికి వెళ్లింది. గోడ మీది రాత కింద బాషా 'పగలు కూడా' అని చేర్చాడు.

నన్ను పాత సామాన్లవాడికి వేయబోతే కుళ్ళాయమ్మ ఒప్పుకోలేదు. ఎందుకో ఈ దసరాకి తెలిసింది. అటక మీంచి దించి, తుడిచి, నన్నే పీట మీద కూర్చోబెట్టింది. కొత్త సర్వర్ మూలవిరాట్టులా గదిలో తలుపేసుకుని పొడిగా ఉంది. ఉత్సవ విగ్రహాన్ని నేను.

"దీనికి ఎంత పోసినా పర్వాలేదు, పొయ్యి," అంది మొగుడితో.

చంద్రమౌళి తృప్తిగా పోశాడు. చిన్నడిస్కు ఈసారి రాలేదు, బీరువాలోనే ఉన్నాడట. వాడి వాటా కొబ్బరినీళ్లు కూడా నాకే పోశారు.