ఎర్రరాళ్లు జరిపిందెవరు

మందుపాతరల హద్దుకి పెట్టిన ఎర్రరాళ్లు తెల్లారేసరికి తను రోజూ నీళ్లకెళ్లే బాట మీదికి వచ్చి ఉండటం చూసి లెతెబ్రహాన్ బిందె దించేసి అక్కడే నిలబడిపోయింది. యుద్ధం ముగిసి, సరిహద్దు తెరిచి, ఎరిత్రియావాళ్లు తొలిసారి ఈ ఇథియోపియా ఊరికి విందుకొచ్చిన మర్నాడది.

"చూశావా వదినా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!" మరిది గెబ్రు పళ్లు కొరికాడు. "తమ్ముడూ తమ్ముడూ అని నెత్తినెక్కించుకున్నావుగా!"

రాళ్ల పక్కనే ఆమె అతిథి, ఒకప్పటి శత్రుసైనికుడు తెక్లె కూలబడి ఉన్నాడు. చేతుల నిండా మట్టి.

"ఏంటిది తమ్ముడూ?" ఆమె అడిగింది.

"నేనే జరిపానక్కా. మీవాళ్లు హద్దు తప్పు పెట్టారు. ఇన్నేళ్లూ నువ్వు జానెడు పక్కగా నడిచి బతికావు. ఇక్కడ మందుపాతరుంది. పాతింది నేనే."