పిలుపు మడత

రెండు వేల ఇరవై నాలుగు, మార్చి పదహారో తేదీ, శనివారం. కమలాపురం దగ్గర, పాపాఘ్ని ఒడ్డున, ఒకప్పుడు బడి నడిచిన రాతిహాలు. హాజరైనవారు: హాలులో కాగితాల పని నడుపుతున్న రాహేలమ్మ, ఆమె దగ్గర పనిచేసే ఆరుగురి తరఫున ఆరాధన, కర్నూలు నుంచి కాగితం వ్యాపారి భూపేష్, ప్లాను గీసిన నెహెమ్యా.

ఈ మూడు వాక్యాలనూ నెహెమ్యా తన ప్లాను కాగితం మూలన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పెన్సిలు చెవికి దోపుకున్నాడు. కర్నూలు పాలిటెక్నిక్కులో ఇరవై రెండేళ్లు యంత్రాల గీత నేర్పి, ముందుగానే పదవీ విరమణ పుచ్చుకుని, తుంగభద్ర గట్టు దగ్గర రెండు గదుల ఇంట్లో పుస్తకాలతో కాపురం చేస్తున్న మనిషి ఆయన. కంప్యూటరు మీద గీసేవాడు కాడు. పలచని ట్రేసింగు కాగితం పరిచి, చేత్తోనే గీసేవాడు. ఆ ఇరవై రెండేళ్లలో ఎన్నో యంత్రాలు గీశాడు గానీ, కాగితం మీది నుంచి దిగి నేల మీద నిలబడ్డది ఒక్కటీ లేదు. ఇదే మొదటిది కావాలి. అదీ తన చిన్నమ్మ రాహేలమ్మ హాలులో.

హాలులో మధ్యాహ్నపు వెలుగు ఏటవాలుగా పడుతోంది. ఆరుగురు ఆడవాళ్లు చాపల మీద వరుసగా కూర్చుని కాగితాలు మడుస్తుంటే, ఎండుటాకుల మీద గాలి నడిచినట్టు సన్నని సవ్వడి. ఇవి దోసెలూ, బజ్జీలూ, ఉగ్గానీ కట్టి ఇచ్చే నూనె పీల్చని కాగితాలు. వార్తాపత్రికల్లో తిండి కట్టవద్దని ఆంక్ష వచ్చినప్పటి నుంచి, బద్వేలు మొదలు కర్నూలు దాకా హోటళ్లవాళ్లు వీటికోసం ఎగబడుతున్నారు. ఆరు జతల చేతులు చాలడం లేదు. అందుకే యంత్రాల వరుస కావలసి వచ్చింది.

ఆ కాగితాల మడతకు ఒక పద్ధతి ఉంది. ఒక కాగితపు అంచును రెండోదాని పొట్టలోకి, రెండోదాని అంచును మూడోదాని పొట్టలోకి పెట్టి మడవాలి. హోటలువాడు ఒకటి లాగితే రెండోదాని కొస తానే వేలెడు బయటికి వచ్చి నిలబడుతుంది. రాహేలమ్మ దానికి పిలుపు మడత అని పేరు పెట్టింది. పోయే కాగితం వచ్చే కాగితాన్ని పిలిచిపోతుందట.

"పిలుపు మడత మిషను మడుస్తాది సార్, అనుమానమే లేదు. మిషను కట్టేవాళ్లు చూపిచ్చినారు గదా," అన్నాడు భూపేష్, టేపు చుట్టుకుంటూ. అతడు ఒకప్పుడు నెహెమ్యా శిష్యుడు. ఆ సార్ అనే పిలుపు ఇంకా పోలేదు. "తకరారంతా ఈ హాలుతోనే. లైను అరవై అడుగులు. హాలు నలభై. అద్దో, ఆ తూర్పుగోడ కొట్టేసి ముందుకు షెడ్డు ఏసుకుంటే ఈన్నే పెట్టుకుందాం. లేదంటే కర్నూల్లో మా గోడౌను ఖాళీగా ఉండాది. నాకు యాడైనా ఒకటే."

"నీకు యాడైనా ఒకటేనప్పా. కారుండాది," అంది ఆరాధన తలెత్తకుండా. ఇద్దరు పిల్లల తల్లి. ఆమె చేతులు ఎంత వేగమో నోరూ అంతే. "పొద్దన్నే కర్నూలుకు పోయి మాపటికి రానీకె నాకేమన్నా రెక్కలుండాయా?"

"నిన్ను రమ్మన్లేదు గదమ్మా."

"అదేలే నేను చెప్తాండేది."

యంత్రం ఇక్కడికే వస్తే రీలు ఎక్కించడానికీ, పెట్టెలు కట్టడానికీ ఈ ఆరుగురే. కర్నూలుకు పోతే ఆరుగురిలో ఒక్కరూ ఉండరు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికంటే బాగా తెలిసినది రాహేలమ్మకు.

డెబ్బై ఏళ్ల రాహేలమ్మ తూర్పుగోడకు వీపు ఆనించి కూర్చుంది. ఆ గోడ నల్లబండలను ఆమె తల్లిదండ్రులూ, ఆ తరం చర్చి సంఘం వాళ్లూ నెత్తిన మోసుకొచ్చి పేర్చారు. పైకప్పు దూలాల బరువంతా దాని మీదే.

"ఏమిరా నెహెమ్యా," అంది ఆమె. "యెరూషలేము గోడ కట్టిచ్చినోని పేరని ఏరికోరి నీకా పేరు పెట్టింది నేను. ఇప్పుడు నువ్వే పలుగు పట్టుకోని వస్తాండావా?"

"నేను పలుగు పట్టుకోలేదు చిన్నమ్మా. పెన్సిలు పట్టుకున్నా."

"గోడలు ముందు పెన్సిలుతోనే కూలేది నాయనా. పలుగు తర్వాత వస్తాది."

భూపేష్ పకపక నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం వ్యాపారి గొంతుతోనే చెప్పాడు: "పెద్దామె మాట కొట్టేయలేను సార్. గోడ వద్దంటే వద్దు. కానీ సోమవారం మిషనోళ్లకు జవాబు చెప్పల్ల. నేను ఊళ్లోకి పోయి భోంచేసి ఎండ దిగినాక వస్తా. గోడో, గోడౌనో తేల్చి పెట్టండి. సంతకాలు చేసుకుందాం."

కారు రేపిన దుమ్ము కిటికీలో చాలాసేపు బంగారు రంగులో తేలింది.

నెహెమ్యా ప్లాను ముందు కూర్చున్నాడు. రీలు, కోత, మడత, లెక్క, పెట్టె అన్నీ దారానికి గుచ్చిన పూసల్లా ఒకే సరళరేఖ మీద ఉన్నాయి. ఏ యంత్రాన్ని ఎంత జరిపినా రేఖ కొస గోడను పొడుచుకుని అవతలికే పోతోంది. కొలతలు మళ్లీ కూడాడు. కూడిక తప్పలేదు. సరళరేఖ అందమైనదని ఎన్ని తరగతుల్లో చెప్పాడో! ఆ అందమే ఇప్పుడు చిన్నమ్మ గోడకు ఎసరు పెడుతోంది. ఉగ్గాని తిని, వేడికి కళ్లు మూతలు పడుతుంటే, తూర్పుగోడ పక్కన చాప మీద ఒరిగాడు. నల్లబండల చల్లదనం వీపులోకి దిగింది.

రీలు తిరగడం మొదలైంది. తెల్లని కాగితం నీళ్ల చప్పుడుతో నేల మీదికి జారి, గోడను తాకి, ఆగకుండా, బండల సందుల్లోంచి తడిలా అవతలికి ఊరింది. అవతల వేరుశెనగ బుడ్డల చేను. చేను దాటితే ఎన్నాళ్లుగానో నీళ్లెరుగని పాపాఘ్ని ఇసుక. కాగితం ఆ ఇసుక మీద పరుచుకుని, వెన్నెల రంగు ఏరై పారింది. ఒడ్డున తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ వంగి దోసిళ్లతో కాగితం ముంచుకుంటున్నారు. ఒక్కొక్క దోసిలికీ వెనక మరో అంచు లేచి నిలబడుతోంది. బండలు మోసిన తరం వాళ్లు కూడా వరుసలో ఉన్నారు. నెత్తిన చుట్టకుదుళ్లు ఇంకా తీయలేదు. ఏరు పెన్నలో కలిసింది. పెన్న ఒక కొండ దాకా పోయింది. కొండతో కొట్లాడలేదు, దాన్ని పలకరించినట్టు ఒక్కసారి ఒరిగి, వయ్యారంగా పక్కకు తిరిగింది. "అట్లా తిరగకూడదు, నేను గీసింది అట్లా కాదు," అని నెహెమ్యా ఒడ్డు వెంబడి పరుగెత్తాడు. కాళ్ల కింద ఇసుక కూడా కాగితమే.

మెలకువ వచ్చేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. లేచి బల్ల వైపు చూశాడు. బల్ల మీద ప్లాను లేదు.

"చిన్నమ్మా, నా ప్లాను?"

"యాడ పోతాదిరా, గాలికి బల్ల మీంచి జారిందేమో చూడు."

చాపల కింద చూశారు, కిటికీ బయట చూశారు. చివరికి రాహేలమ్మ ఒడిలోని మడిచిన కాగితాల మధ్య చెయ్యి పెట్టిన ఆరాధన నోరు నొక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. ట్రేసింగు కాగితమూ, నూనె పీల్చని కాగితమూ కంటికీ చేతికీ అక్కచెల్లెళ్లే. గాలికి జారి వచ్చి చాప మీద వాలిన ప్లానును రాహేలమ్మ తన కాగితమే అనుకుని, కబుర్లాడుతూ, నడిమికి మడిచి, కింది కాగితపు పొట్టలో దూర్చేసింది.

"అయ్యో దేవా!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "నీ సదువంతా దోసెకు కట్టిచ్చేస్తాంటి గదరా!"

నెహెమ్యా దాన్ని మెల్లగా బయటికి లాగాడు. ఆయన ప్లాను మీద ఏనాడూ మడత పడనివ్వలేదు. చుట్టి గొట్టంలోనే పెట్టేవాడు. ముడత ఎంత లోతుగా పడిందో చూద్దామని, మడిచినదాన్ని మడిచినట్టే కిటికీకి అడ్డంగా ఎత్తిపట్టాడు.

సాయంకాలపు వెలుగు కాగితం గుండా వచ్చింది. వెనక సగం ముందు సగంలో తేలింది. ద్వారం దగ్గరి రీలు పక్కనే, గోడ అవతల ఉండవలసిన ఆఖరి పెట్టె కనిపించింది. అరవై అడుగులూ ముప్ఫై ముప్ఫైగా, ఒకదాని మీద ఒకటి, నిద్రలో కలిసిన రెండు చేతుల్లా పడుకుని ఉన్నాయి. ఇంకా కలలోనే ఉన్నానేమోనని ఆయన వెనక్కు తిరిగి గోడను ఒకసారి తాకి చూసుకున్నాడు.

"తిరిగింది," అన్నాడు.

"ఏంది తిరిగింది? నీకు తల తిరిగిందా?"

"లైను చిన్నమ్మా. కొండ దగ్గర పెన్న తిరిగినట్టు."

పెన్సిలు చెవి నుంచి దిగింది. కత్తిరించని కాగితం వంపు తిరిగితే చిరుగుతుంది. కనుక రీలు, కోత, మడత మూడూ తిన్నగా గోడ వరకు రావాలి. మడతలు పడి కట్టలైన తర్వాత వంపు బెల్టు మీద గోడ ముందు తిరిగి, లెక్కకూ పెట్టెకూ మళ్లీ ద్వారం వైపే నడవాలి. హాలు పొడవు చాలదు గానీ వెడల్పుకు లోటు లేదు. వచ్చిన ద్వారం నుంచే కాగితం బయటికి పోతుంది. గోడ ఒక్క బండ కదలదు.

భూపేష్ వచ్చి, కొత్త గీతల మీద చాలాసేపు వంగి నిలబడ్డాడు.

"బాగుండాది సార్. శానా బాగుండాది. కానీ ఆ వంపు కాడ కట్ట ఒరుగుతాది."

"ఒరుగుతుంది. అక్కడ ఒక మనిషి కూర్చుని సరిచెయ్యాలి."

"అబ్బా," అని అతడు మొహం ముడిచాడు. "పెట్టె మీద 'చెయ్యి తగలని కాగితం' అని అచ్చేపిద్దామనుకుంటి. ఊరంతా చెప్పుకుంటి. మనిషి కూర్చుంటే ఇంగ ఆటోమేటిక్కు ఎట్లయితాది?"

"చెయ్యి తగలకుండా తినేదెట్లప్పా?" అంది ఆరాధన. "మూతి పెట్టి కొరుకుతారా, గొడ్ల మాదిరి?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. భూపేష్ నవ్వకుండా ఉండాలని చూశాడు, చేతకాలేదు. ఆ నవ్వులోనే కాగితాన్ని మళ్లీ చూశాడు. గోడౌనుకు ఆడవాళ్లను కొత్తగా వెతకాలి, వాళ్లకు పని నేర్పాలి. ఇక్కడ నేర్చుకున్న ఆరుగురున్నారు. వంపు దగ్గర కొంత నెమ్మదించినా, లెక్కలో చూస్తే నష్టం లేదు.

"సరే. చేతులకు తొడుగులేసుకోని కూర్చోవల్ల. ఆ రాత మార్పిస్తాలే," అన్నాడు. "కుర్చీ గీయండి సార్, లేకపోతే మిషనోళ్లు ఆడ ఇంకేమన్నా పెడతారు."

నెహెమ్యా వంపు లోపలి వైపు, తూర్పుగోడ ఎదురుగా, ఒక చిన్న కుర్చీ గీశాడు. ఇరవై రెండేళ్ల గీతలో మనిషి కూర్చునే చోటు గీయడం ఆయనకు ఇదే తొలిసారి. కాళ్లు ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా వచ్చాయి. తుడిచి మళ్లీ గీశాడు.

"ముడత పడింది. రేపు శుభ్రంగా వేరే కాగితం మీద దించి తెస్తాను. అప్పుడు సంతకాలు," అన్నాడు.

"దీనికేమొచ్చె? మడిస్తేనే గదా లైను హాల్లో పట్టింది," అంది రాహేలమ్మ. "ఈడ్నే చేస్తా. కలం ఇయ్యి."

ఆమె ప్రతి అక్షరానికీ ఊపిరి పట్టుకుంటూ సంతకం చేసింది. భూపేష్ గిలికేశాడు. ఆరుగురి తరఫున ఆరాధన చేసింది. చివర నెహెమ్యా, తేదీ వేసి, చేశాడు. గొట్టం కోసం ఆయన అటు తిరిగేలోగానే రాహేలమ్మ కాగితాన్ని పాత ముడత మీదనే మడిచి, వేలి గోటితో అంచు నొక్కింది. లేచి తూర్పుగోడలో నల్లబండల మధ్య దీపం పెట్టే గూట్లో దాన్ని దోపింది. చేతి అలవాటు కొద్దీ, కొస మాత్రం వేలెడు బయటికి వదిలింది.