తెర పట్టిన మనిషి

ఫోటోల తెరకు ఎలుక కొట్టిన చోట మాసిక వేస్తుంటే నా భర్త పర్శరాములు గుమ్మంలో నిలబడి, ఆ రోజు పెళ్లికి పాత చీర కట్టుకుని రమ్మన్నాడు. మంచి చీర అయితే తెర రంగు అంటుతుందట. తొమ్మిదేళ్లుగా ఆ తెర మోస్తున్నాను. ఏనాడూ నా చీర సంగతి పట్టని మనిషి. ఎంత పిచ్చిదాన్నో, ఆ మాటకు మనసులో కాస్త సంతోషపడ్డాను కూడా.

హుజూరాబాద్‌లో మాది ఫోటోల దుకాణం. మాది అంటే ఆయనది. చీకటి గదిలో ఫోటోలు కడిగే మందు కలిపేది నేను, ఫోటో దిగే అద్దం ప్లేట్లు కడిగేది నేను, ఫోటోల అంచులు కత్తిరించి అట్టలకు అంటించేది నేను. ఆ మందుకు నా వేళ్ల సందులు పగిలి మంట పుడతాయి. ఆ కంపు చేతులతో అన్నం వడ్డించవద్దని ఆయన కసురుకుంటాడు. ఆ చేతులతోనే కడిగిన ఫోటోను మాత్రం ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని మురిసిపోతాడు. పెళ్లిళ్లకు ఊళ్లు పోయినప్పుడు నా పని తెర పట్టడం. స్తంభాల బంగళా, పూలకుండీలు, రెండు హంసలు గీసిన గుడ్డ ఒక వెదురు బొంగుకు కట్టి ఉంటుంది. దాని వెనక నిలబడి, బొంగును రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకోవాలి. ముందు జనం నిలబడతారు, ఆయన నల్లగుడ్డలో తల దూర్చి ఫోటో తీస్తాడు. రెండు గుంజలు పాతి కట్టరాదా అని మొదటి ఏడే అడిగాను. గుంజకు చెప్తే ఇనదు, నీకు చెప్తే ఇంటవు గద అని నవ్వాడు. మా అత్త అయితే, వాడు ఫోటో తీస్తడు, ఇది బట్ట పట్టుకుంటది, గింతదానికి నడుము విరిగినట్టు కూసుంటది అని వాడకట్టంతా చెప్పింది. ఈ తొమ్మిదేళ్లలో ఎన్ని వందల ఫోటోలు దిగాయో, ఒక్కదాంట్లో నేను లేను.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన నాలుగో ఎండాకాలం అది. పెళ్లి, భూమన్న అనే రైతు బిడ్డది. పాత ఇల్లు విప్పి కొత్త గోడలు పెడుతున్నాడు కాబట్టి పెళ్లి ఊరి బయట మామిడి తోటలోనే పెట్టుకున్నాడు. మమ్మల్ని తీసుకురావడానికి ఎడ్లబండి పంపాడు. బండి తోట దగ్గరికి రాగానే ఆయన నన్ను దింపి, తెర చుట్ట నెత్తిన పెట్టి, కెమెరా పెట్టె కదులుతుంది, నువ్వు వెనక నడిచి రా అన్నాడు. పెట్టె అప్పటిదాకా కదలలేదా అని నోటిదాకా వచ్చింది. చుట్ట మోసుకుంటూ బండి వెనక నడిచాను.

అట్లాంటి పెళ్లి నేను అంతకుముందు చూడలేదు. పట్టింపులు లేవు, అలకలు లేవు. ముసలివాళ్లు చెట్ల కింద నులకమంచాలేసుకుని పడుకున్నారు. పెళ్లికొడుకు దోస్తులు బావిలో దూకి ఈత కొడుతున్నారు. తలంబ్రాలు అయ్యీ కాగానే పెళ్లికొడుకు, కట్టిన బాసింగంతోనే చెట్టెక్కి కాయలు తెంపాడు. పెళ్లికూతురు వాటిని ఉప్పూకారం అద్దుకుని తింటూ, పులుపుకు ఒక కన్ను మూసి నవ్వుతూ ఉంటే అత్తగారే పక్కన కూర్చుని ఇంకో ముక్క కోసి ఇచ్చింది. నాకు ఆ పిల్ల మీద అసూయ పుట్టింది. ఎందుకు దాచుకోవాలి, గట్టిగానే పుట్టింది.

చెట్ల కింద ఆకుల నీడ మొహాల మీద మచ్చలు మచ్చలుగా పడుతుందని ఆయన తెరను బయట కళ్లంలో పెట్టించాడు. జనానికి అక్కడ నిలబడే పని ఫోటోకొకసారే. నాకు పొద్దస్తమానం. ఎండ నా వీపు మీద, చేతులు పైన. తెర వెనక నుంచి హంసలు కనిపించవు, రంగు ఇంకిన మరకలు కనిపిస్తాయి. మనుషులు కనిపించరు, మాటలు వినిపిస్తాయి. ఫోటోకు ముందు ఆలుమగలు గుసగుసగా ఏం మాట్లాడుకుంటారో ఈ భూమి మీద నా అంత తెలిసినవాళ్లు లేరు. కొంగు సర్దుకో, నవ్వితె పండ్లు కనవడనియ్యకు, నా కన్నా ముందు నిలవడకు. ఎప్పుడూ అవే. ఆ రోజు మాత్రం పెళ్లికొడుకు, మూతికి కారం అంటింది తుడుసుకో అన్నాడు. నువ్వే తుడువు అంది ఆ పిల్ల. ఆయన కదలొద్దని కేకేశాడు, వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ల నవ్వు నా చేతులకు తగిలి బొంగు కాస్త వణికింది. తెర సక్కగ పట్టుమని వెంటనే తిట్టు వచ్చింది.

అందరి ఫోటోలూ అయ్యాక భూమన్న గొంతు తెరకు అవతల దగ్గరగా వినిపించింది. పక్కన భూమన్న చెల్లెలు దేవవ్వ ఉన్నట్టుంది. ఆమెకు ఎదిగిన బిడ్డ ఉంది, బాలలక్ష్మి.

"మన ముచ్చట చెల్లెకు చెప్పిన తమ్మీ" అన్నాడు భూమన్న. "మొదటామె ఎట్ల పోయింది అని అడుగుతున్నది."

"కాన్పుల పోయింది" అన్నాడు నా భర్త. "రెండేండ్లాయె."

నేను ఎవరి గురించో అనుకున్నాను. నిజంగా. పాపం, ఎవరామె అని కూడా అనుకున్నాను.

"మరి గీ తెర పట్టినామె ఎవలు?" దేవవ్వ అడిగింది.

"కూలికి తెచ్చుకున్న."

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. ఆ పోయిన మొదటామె నేనే, ఆయన అడుగుతున్నది బాలలక్ష్మిని. పాత చీర. బండి దింపి వెనక నడవమనడం. భైంసాలో మీ అన్న దగ్గరికి పోయి కొన్నాళ్లు ఉండి రారాదా అని రెండు నెలలుగా పోరడం. గొడ్డుదాన్ని ఎన్నేండ్లు సాదుతవురా అని మా అత్త గోడకు చెప్పినట్టు చెప్పడం. నాకు కోపం రాలేదు ముందు. సిగ్గేసింది. నన్ను చంపినవాడికి రావలసిన సిగ్గు నాకెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తెర వదిలేసి అవతలికి పోయి మొహం చూపిద్దామా అనుకున్నాను. చేతులు మాత్రం దించలేదు. తొమ్మిదేళ్లు అలవాటైన చేతులు, నా మాట కన్నా ఆయన మాటే బాగా వింటాయి.

బాలలక్ష్మిని ఒంటరిగా ఒక ఫోటో తీద్దాం, మా అవ్వకు చూపిస్తా అన్నాడు ఆయన. పిల్ల వచ్చి నిలబడింది. మా ఇద్దరి మధ్య గుడ్డ మందమే దూరం. కొద్దిగా ఇటు తిరుగు, భయపడకు, జర నవ్వు అంటున్నాడు ఆయన. ఎంత మెత్తగా అంటున్నాడో. ఆ గొంతు ఆయనకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన గొంతు నల్లగుడ్డలో మునిగిపోగానే పిల్ల గుసగుసగా నాతో మాట్లాడింది.

"అక్కా, నీ చేతులు గుంజుతలేవా?"

తొమ్మిదేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

ఎండ తగ్గాక భోజనాల బంతులు లేచాయి. కూలివాళ్లకు చివర బావిగడ్డ దగ్గర విస్తర్లు వేశారు. కూలిదాన్నే కదా, అక్కడే కూర్చున్నాను. చేతులు లాగేసి ముద్ద నోటిదాకా పోవడం లేదు. దేవవ్వ పప్పు గిన్నె పట్టుకుని వచ్చి, నాకు వడ్డించి, అక్కడే గొంతుకు కూర్చుంది. అటూ ఇటూ చూసింది.

"చెల్లే, నువ్వు ఆయనతోని ఊళ్లు తిరుగుతవు గద. మొగోళ్లను అడిగితె అన్నీ మంచిగనే చెప్తరు. నీకైతే తెలుస్తది. మనిషి ఎసొంటోడు? చచ్చిపోయినామెను మంచిగ చూసుకున్నడా? నాకు ఒక్కతే బిడ్డ."

దూరంగా ప్లేట్లు పెట్టెలో సర్దుతున్న ఆయన మమ్మల్ని చూశాడు. చేతిలో ప్లేటు అట్లాగే ఆగిపోయింది. వద్దు అన్నట్టు తల చిన్నగా ఊపాడు. తొమ్మిదేళ్లలో ఆయన నన్ను బతిమాలింది అదొక్కసారే, అదీ నోరు విప్పకుండా.

ఆయన పెళ్లాన్ని నేనే అని చెప్పవచ్చు. చెప్తే ఏమవుతుంది? గొడవ అవుతుంది, పెద్దమనుషులు కూర్చుంటారు, కడుపు పండనప్పుడు మగవాడు ఏం చేస్తాడు అని ఎవరో ఒకరు అంటారు, ఇద్దరూ అక్కాచెల్లెళ్ల లెక్క ఉండరాదా అని ఇంకొకరు అంటారు. పొద్దుగూకేసరికి నన్ను మళ్లీ అదే బండిలో ఆ ఇంటికే పంపిస్తారు. ఆలోచిస్తుంటే నవ్వు వచ్చింది. ఆయన చంపిన దాన్ని నేనెందుకు మళ్లీ బతికించాలి? చచ్చింది చచ్చినట్టే ఉండనీ. ఎట్లా చచ్చిందో, నాకు జరిగింది జరిగినట్టు చెప్తే చాలు.

ఆయనకు వినపడేలా గొంతు పెంచాను.

"కాన్పుల పోలే అక్కా. ఆమెకు అప్పుడు ఐదో నెల. మందమర్రి దిక్కు ఒక పెండ్లిల గిట్లనే ఎండల తెర పట్టుకొని నిలవడ్డది. కడుపుల నొప్పి లేస్తున్నదయ్యా అంటే, ఇంకొక్క ఫోటో అన్నడు. గట్ల ఏడు ఫోటోలు దిగినయి. ఎనిమిదోదానికి కాళ్ల పొంటి నెత్తురు కారింది, తెర కదిలింది. ప్లేటు ఖరాబైందని అందరి ముందట చెంప మీద కొట్టిండు. ఆమె ఆన్నే పోయింది. ఆ పెండ్లికి నేను గూడ పోయిన, దగ్గరుండి చూసిన."

దేవవ్వ గంటె గిన్నెలో పడేసి ఆయన వైపు తిరిగింది. నేను విస్తరి మడిచి లేచి, బావి దగ్గర చేతులు కడుక్కున్నాను.

"ఆమె పోయినంక తెర పట్టేటందుకు ఎవలు లేక నన్ను తెచ్చుకున్నడు. రేపటిసంది నేను రాను. మీ బిడ్డను ఇస్తే ఇయ్యిండ్రి. పిల్ల చేతులు లేపితే తెర ఎత్తు అందుతదా లేదా, ఇప్పుడే నిలవెట్టి చూస్కోండ్రి."