ఊఁ కొట్టే విద్య

ఒక చెవి అమ్మ ఫోనుకి, రెండు కళ్ళూ లాప్‌టాప్‌కి, ఒక చెయ్యి పొయ్యి మీది గిన్నెకి అప్పగించి, ఓ ఇంజినీరు పిల్ల అన్నిటికీ ఊఁ కొడుతూ రోజులు లాగించేస్తోంది.

"అయితే సరే, మీ మేనత్త రేపే దిగుతుంది. నెల్లాళ్ళు నీ గదిలోనే," అంది అమ్మ.

"ఎవరు రమ్మన్నారు?"

"ఇప్పుడేగా ఊఁ అన్నావు!"

పిల్ల ఇకమీదట ఒకసారికి ఒక్క పనే అని ఒట్టేసుకుంది. లాప్‌టాప్ మూసి, పొయ్యి కట్టేసి, కుదురుగా కూర్చుని తన ఆఫీసు కష్టాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది.

"ఊఁ," అంది అమ్మ. మళ్ళీ, "ఊఁ."

పిల్లకి అనుమానమొచ్చింది. "అమ్మా, మా ఆఫీసులోకి ఏనుగొచ్చింది."

ఫోనుకి అవతల టీవీలో ఎవరో బావురుమంటున్నారు.

"ఊఁ, కూర్చోమను," అంది అమ్మ.